అరలో లేనిది

“నీళ్ళా?”

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

“కళ్ళజోడా?”

మళ్ళీ అడ్డంగానే.

“దువ్వెనా? మందు సీసానా? టార్చిలైటా?”

గోడకున్న అరలోంచి ఒక్కో వస్తువూ తీసి అమ్మమ్మ ముఖం ముందు పెడుతోంది పిచ్చుక. అమ్మమ్మ చూస్తోంది, తల తిప్పేస్తోంది. మళ్ళీ ఎడమచెయ్యి ఎత్తి అర వైపే వేలు చూపిస్తోంది. “ఆ... ఆ...” అంటోంది.

అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పోయాయి. మనం చెప్పేవి మాత్రం అన్నీ అర్థమవుతాయి. తిరిగి చెప్పలేదు, అంతే.

పిచ్చుక అనే పేరు అమ్మమ్మ పెట్టిందే. ఒంట్లో ఎముకలు తప్ప కండ లేదని అలా పిలిచేది. ఇప్పుడా పిలుపే లేక ఇల్లంతా బోసిగా ఉంది.

నాన్న లారీ తోలుతాడు. వెళ్తే వారానికి గానీ రాడు. అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. షాపు మూసి ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. పగలు అమ్మమ్మను చూసుకునే ఆయా, పిచ్చుక బడి నుంచి రాగానే చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది. అందుకే పిచ్చుక బడి అవ్వగానే పరుగున వచ్చేస్తుంది. మిగతా పిల్లలు గ్రౌండులో ఆడుకుంటుంటే గేటు దాకా ఆ అరుపులు వింటూ వస్తుంది. “ఆటకి రావా?” అని మొదట్లో అడిగేవాళ్ళు. రాదని తెలిశాక అడగడం మానేశారు.

“దుప్పటా? బిస్కెట్లా? గడియారమా?”

కాదు. కాదు. కాదు.

పిచ్చుకకు ఆకలేస్తోంది. యూనిఫామ్ కూడా ఇంకా మార్చుకోలేదు. అరంతా ఖాళీ అయిపోయింది, మంచం నిండా సామానే. అయినా ఆ వేలు అటే చూపిస్తోంది.

“నీకేం కావాలో నీకే తెలీదు!” అని అరిచేసింది.

టీవీ సౌండు పెంచి, పుస్తకాల సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి తలుపు సందులోంచి చూసింది. అమ్మమ్మ చెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది. వేలు ఎటూ చూపించడం లేదు.

హమ్మయ్య అనుకుంది పిచ్చుక.

రాత్రి అమ్మ అన్నం తినిపిస్తుంటే అమ్మమ్మ నోరు తెరిచింది, మూసింది. అంతే. రోజూలా “ఆ... ఆ...” లేదు.

“ఏమే, అమ్మమ్మ ఇవాళ ఏమీ అడగలేదా?”

“లేదు,” అంది పిచ్చుక, ప్లేటులోకి చూస్తూ.

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? ఏదో ఒకటి చెప్పాలని ఆవిడ ప్రయత్నం చేస్తూనే ఉండాలట. చెప్పడం మానేస్తే, ఇక ఉన్నది కూడా పోతుందట.”

పిచ్చుక ప్లేటులో కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలిపింది.

మర్నాడు సైన్స్ టీచర్ ఒక గుడ్డసంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఇందులో ఒకటుంది. నేను అవును, కాదు అని మాత్రమే చెప్తాను. ఏంటో కనుక్కోండి చూద్దాం.”

ముందు బెంచీలో వాడు ఎగిరి లేచాడు. వాణ్ణి అందరూ తొందరగాడు అంటారు. “పెన్నా టీచర్? బంతా? చాక్‌పీసా? సబ్బా? తాళమా?”

“కాదు, కాదు, కాదు. ఒరేయ్, చీకట్లో బాణాలు వెయ్యకు. లోకంలో ఉన్నవన్నీ పేరుపేరునా అడుగుతావా? నీకు గడ్డం వస్తుంది గానీ సమాధానం రాదు.”

క్లాసంతా గొల్లుమంది. పిచ్చుక కూడా నవ్వింది.

“ఒక్క ప్రశ్నతో సగం లోకాన్ని పక్కన పెట్టెయ్యాలి. అలా ఎవరు అడుగుతారు?”

పిచ్చుక చెయ్యెత్తింది. పోయిన వారమే జీవుల పాఠంలో, ప్రాణుల్ని గుంపులు గుంపులుగా విడదీసే కొమ్మల పటం మొత్తం తప్పు లేకుండా గీసింది మరి.

“ప్రాణం ఉన్నదా టీచర్?”

“కాదు.”

“ప్రాణం ఉన్నదాని నుంచి వచ్చిందా?”

“అవును.”

“మొక్క నుంచా?”

“కాదు.”

“ఆ జంతువు ఎగురుతుందా?”

“అవును.”

“ఈక!”

టీచర్ సంచిలోంచి ఈక తీసి గాల్లోకి వదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుక గర్వంగా కూర్చోబోతూ తొందరగాడి వైపు చూసింది. వాడి చెవులు ఎర్రగా అయిపోయాయి. పాపం, పెన్నా బంతా సబ్బా అనుకుంటూ...

నీళ్ళా, కళ్ళజోడా, దువ్వెనా.

పిచ్చుక నవ్వు ఆగిపోయింది. చప్పట్లు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. వాటిని ఆపమని చెప్పాలనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర కాదు. నిద్రైతే చిన్న గురక ఉంటుంది.

పిచ్చుక టీవీ ఆపేసింది. కింద కూర్చుని అమ్మమ్మ ఎడమచేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

“అమ్మమ్మా, తల ఊపడం ఇష్టం లేకపోతే వద్దులే. చెయ్యి నొక్కు చాలు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు.”

చెయ్యి కదల్లేదు.

“నా మీద కోపమా?”

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అప్పుడు చెయ్యి నొక్కింది. ఒక్కసారే. వేళ్ళు నొప్పి పుట్టేలా.

“అబ్బా! బాగానే ఉందే బలం. చాలా కోపమా?”

కాస్త ఆలోచించి, రెండుసార్లు.

పిచ్చుక ముక్కు తుడుచుకుంది. “నిన్న నువ్వు అడిగింది ఇంకా కావాలా?”

ఒకసారి.

పెదవి మీదికి వచ్చేసింది, సబ్బా, చెప్పులా అని. మింగేసింది. సగం లోకం. సగం లోకాన్ని పక్కన పెట్టాలి.

“అది ఈ గదిలో ఉందా?”

రెండుసార్లు.

పిచ్చుక తెల్లబోయింది. ఈ గదిలోనే లేదట! నిన్న అరంతా దులిపి మంచం మీద పోసింది దేనికి?

“మన ఇంట్లో ఉందా?”

రెండుసార్లు.

“ప్రాణం ఉన్నదా?”

ఒకసారి. అమ్మమ్మ కళ్ళు తెరిచింది.

“మనిషా?”

ఒకసారి.

పిచ్చుక లేచి నిలబడి, నిన్న వేలు చూపించిన వైపు చూసింది. అర. అర వెనక గోడ. గోడ అవతల...

“పక్కవాటా మామ్మా?”

అమ్మమ్మ ఒకసారీ నొక్కలేదు, రెండుసార్లూ నొక్కలేదు. పట్టుకుని వదలకుండా ఉండిపోయింది.

ఇంతకుముందు ఇద్దరూ సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరిగేవాళ్ళు. నువ్వు తరిగింది లావంటే నువ్వు తరిగింది లావని పోట్లాడుకునేవాళ్ళు. ఆసుపత్రి నుంచి తెచ్చాక అమ్మ గుమ్మంలోనే అందరికీ చెప్పింది, “కొన్నాళ్ళు ఎవరూ రావద్దండీ, విశ్రాంతి కావాలన్నారు” అని. ఆ కొన్నాళ్ళూ అయిపోయాయి. రమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పిచ్చుక తలుపు తీసే ఉంచి పక్కవాటాకి పరిగెత్తింది.

మామ్మ ఒక్కతే కూర్చుని, చాటలో లేని రాళ్ళు ఏరుతోంది.

“మామ్మా, అమ్మమ్మ నిన్ను రమ్మంటోంది.”

“రమ్మందా? మాటొచ్చిందా ఏంటే?”

“మాట రాలేదు. నేనే అడిగి కనుక్కున్నాను.”

మామ్మ చాట పక్కన పెట్టింది గానీ లేవలేదు. “వచ్చి ఏం చేయనే? నేను వాగుతూ ఉంటాను, తను చూస్తూ ఉంటుంది. తలుచుకుంటేనే భయమేస్తోంది. గోడకి చెవి పెట్టి వింటున్నా రోజూ. ఆ టీవీ గోల తప్ప ఏమీ వినపడదు.”

“భయమైతే నా చెయ్యి పట్టుకో,” అంది పిచ్చుక.

మామ్మ వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. “ఏం వదినా, ఎలా ఉన్నావు, తింటున్నావా, నిద్ర పడుతోందా, నన్ను గుర్తుపట్టావా?”

“మామ్మా! అన్నీ కలిపి అడిగితే దేనికని చెప్తుంది? ఒక్కొక్కటే. అవునో కాదో వచ్చేలా అడగాలి.”

“ఓహో, టీచరమ్మా!” మామ్మ కుర్చీ పక్కన చతికిలబడి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. గొంతు సవరించుకుంది. “సరే, ఒక్కటే అడుగుతా. వదినా, నేను లేక నీకు తోచలేదు కదూ?”

అమ్మమ్మ రెండుసార్లు నొక్కింది.

మామ్మ నోరు వెళ్ళబెట్టింది. అమ్మమ్మ మూతి ఒకవైపుకే నవ్వింది, రెండోవైపు రాలేదు. ఆ సగం నవ్వు చూసి మామ్మ పకపకా నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “చూశావే పిచ్చుకా! మాట పోయినా పొగరు పోలేదు మీ అమ్మమ్మకి.”

చీకటి పడ్డాక అమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి ఆ ఇద్దరినీ చూసింది. మామ్మతో “రేపు కూడా రండి పిన్నీ” అంది. అమ్మమ్మ తల నిమిరింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, లైటు వేయకుండా పీట మీద కూర్చుంది.

పిచ్చుక వెనకే వెళ్ళింది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదే. నువ్వెళ్ళి చదువుకో.”

మామూలుగా అయితే వెళ్ళిపోయేదే. ఇవాళ వెళ్ళలేదు. అమ్మ ముందు గొంతుక్కూర్చుని చెయ్యి చాచింది.

“నీ చెయ్యి ఇవ్వు. అవునంటే ఒకసారి నొక్కు, కాదంటే రెండుసార్లు. ఇంటి సంగతా?”

“ఏంటే ఈ ఆట?” అమ్మ నవ్వబోయింది. అయినా చెయ్యి ఇచ్చింది. రెండుసార్లు నొక్కింది.

“షాపు సంగతా?”

ఒకసారి.

“కాళ్ళ నొప్పులా?”

రెండుసార్లు.

“ఎవరైనా ఏమైనా అన్నారా?”

అవతలి గదిలో మామ్మ ఏదో చెప్తోంది. వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. అమ్మ చెయ్యి చల్లగా ఉంది.

అది ఒక్కసారి నొక్కింది.

పిచ్చుక ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత ఏం అడగాలా అని, తొందర లేకుండా, ఆలోచించసాగింది.