దాలమ్మ మట్టె

జీడిపిక్కల షెడ్డులో ఆ పొద్దున పని ఆపేశారు. బల్ల మీద వెండి మట్టెలు గుట్టగా పోసున్నాయి. సైంటిస్టు పాణిగ్రాహి వాటిని ఒక్కొక్కరికీ ఇస్తూ అవేంటో చెప్తున్నాడు.

షుగరు ఏళ్ల తరబడి ఉంటే గుండె కండ బిరుసెక్కిపోద్దట. అలా వచ్చే ముప్పు మగాళ్లకన్నా ఆడోళ్లకే ఎక్కువట. నొప్పి రావాలనేం లేదు. ఆయాసం, నీరసం, పాదాల్లో నీరు, అంతే. ఆడోళ్లేమో పని అలుపులే అనుకుని ఊరుకుంటారు. ఈ మట్టెలో సెన్సార్ ఉంది. వేలు ఉబ్బినా, నాడి తేడా కొట్టినా ఎర్రగా వెలుగుద్ది, ఆస్పత్రికి కబురెళ్లిపోద్ది. చేతికి పెడితే జీడి సొనకి పాడైపోద్దని, ఆడవాళ్లు ఎప్పుడూ తియ్యనిది మట్టే కదా అని ఇలా చేశానని ఆయన మురిసిపోయాడు.

లైన్లో ఉన్న దాలమ్మ తన బోసి కాలివేళ్లకేసి చూసుకుంది. మొగుడు పోయి నాలుగేళ్లు. షుగరొచ్చి పదకొండు. నెల రోజులుగా పడుకుంటే ఊపిరాడక, గోడకి చేరబడి కూర్చునే తెల్లారుస్తోంది.

వెనకనించి ఆడపడుచు కనకం కొంగు లాగింది. "అన్న పోయినాక మట్టెలేటి వదినా? నలుగురూ నవ్విపోతారు."

సంగతి తెలిసి పాణిగ్రాహి నాలిక్కరుచుకున్నాడు. అది తనకి తట్టనేలేదన్నాడు. వచ్చే ఏడు మెడలో వేసుకునేది చేసిస్తానని, అప్పటిదాకా ఓపిక పట్టమని బతిమాలాడు.

"వచ్చే ఏడు దాకా నానుంటానని మీ మిషను సెప్పిందా బాబూ?" అంది దాలమ్మ. ఒక మట్టె తీసి, వాచిన వేలికి తనే ఎక్కించుకుంది.

అది ఎర్రగా వెలిగింది. అందరికన్నా ముందు కనకమే ఆటో కోసం పరిగెత్తింది.

ఆస్పత్రిలో నీరు తీసి మాత్రలిచ్చారు. ఇంకో వారమైతే దక్కేది కాదన్నారు. పన్నెండో రోజుకి దాలమ్మ పనిలోకొచ్చింది, మట్టెతోనే. ఎవర్ని సేసుకున్నావేటని ఎవరో ఎకసెక్కమాడితే, షుగర్ని, పదకొండేళ్ల కాపరం అంది. ఆ మాట విన్నాక మొగుడు పోయినోళ్లు, పెళ్లి కానోళ్లు, షుగరున్న ప్రతి ఒక్కరూ వచ్చి మట్టె అడిగి పట్టుకెళ్లారు.

మాఘంలో కనకం కూతురి పెళ్లి. పసుపు దంచడానికి ముత్తైదువుల్ని పిలవాలి. మగపెళ్లివారి తరఫు ముసలావిడది పొరుగూరు, ఎవరెవరో తెలీక కాళ్లకి మట్టెలున్నాయా అని చూసి ఎంచబోయింది. ఏ వేలు చూసినా వెండే. ఊళ్లో ఎవరి గుండె ఎలా ఉందో ఆస్పత్రికి తెలుసు గానీ, ఎవరికి మొగుడున్నాడో పెళ్లిపందిట్లో తెలీకుండా పోయింది. సరేనని ఆవిడ దగ్గరున్న దాలమ్మకే రోకలి అందించింది.

కనకం మొహం పాలిపోయింది.

"నాకు మొగుడు లేడమ్మా," అంది దాలమ్మ, నెమ్మదిగా. ముసలావిడ రోకలి వెనక్కి లాక్కోబోయింది. దాలమ్మ వదల్లేదు. "గుండె ఉంది. దంచుతాను."

కనకమొచ్చి, రెండో రోకలి తీసుకుని, వదిన ఎదురుగా నిలబడింది.