డేవిడ్ చెప్పిన ర్యామ్

కొత్త ర్యామ్ పెట్టి స్విచ్ వేయగానే కంప్యూటర్ బీప్ బీప్‌మని కూతలు మొదలుపెట్టింది. తెర మీద ఒక్క అక్షరం లేదు.

"ఏం చేసినావప్పా దాన్ని?" అంది పద్మజ కంగారుగా.

ధర్మవరంలో వాళ్లది మగ్గాల ఇల్లు. నాయన హనుమంతు పట్టుచీరలు నేస్తాడు. వాటి అంచులకు పద్మజ ఆ పాత కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తుంది. ఈ మధ్య పెద్ద డిజైన్ తెరిస్తే చాలు, అది బిగుసుకుపోతోంది. మెమొరీ పెంచడానికి, హిందూపురంలో కంప్యూటర్లు అమ్మే సుధాకర్ వచ్చాడు. ఏడాది కిందట దాన్ని వాళ్లకు అమ్మింది అతనే. అప్పటినుంచి దానికి చిన్న జలుబు చేసినా బస్సెక్కేవాడు. పద్మజను చూడటానికి అదొక సాకు.

ర్యామ్ తీసి, రబ్బరుతో తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కాడు. అవే కూతలు. పక్క స్లాట్‌లో పెట్టాడు. అవే. పాతదొక్కటే పెడితే మాత్రం బుద్ధిగా లేచింది.

"డేవిడ్ ముందే చెప్పినాడు," అంది పద్మజ. " పాత బోర్డుకు రెండు పక్కలా చిప్పులుండేదే కావల్లంట. నువ్వు తెచ్చినదానికి ఒక పక్కే ఉండాయి."

మళ్లీ డేవిడ్! పెనుకొండలో కంప్యూటర్ క్లాసులు చెప్తాడు. పద్మజ అతని దగ్గరే పని నేర్చుకుంది. పొద్దున్నుంచీ అదే పేరు. డేవిడ్ ఫోన్ చేసినాడు, డేవిడ్ సీడీ ఇచ్చినాడు, డేవిడ్ భలే నవ్విస్తాడు... సుధాకర్ చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పడేశాడు.

"అంత తెలిసినోడయితే ఆయన్నే పిలుచుకోరాదా? నేనెందుకు?"

"ఏమంటాండావు?"

"ర్యామ్ సాకు నీకు. ఆయనతో దినామూ మాట్లాడల్ల, అంతే!"

పద్మజ ముఖం ఎర్రబడింది. "ఎల్లుండికి పెండ్లిచీర డిజైన్ ఇస్తామని నాయన మాటిచ్చినాడు. నీకు ఈ పొద్దే దొరికిందా? పో. ఇంగ రావద్దు."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా సుధాకర్‌కు గాలాడలేదు. రేపు ఆ కంప్యూటర్ ముందు స్టూలు మీద డేవిడ్ కూర్చుంటాడు. పద్మజ కాఫీ తెచ్చిస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. దారిలో పెనుకొండ రాగానే దిగేశాడు. కొట్లాడటానికో, అడగటానికో అతనికే తెలియదు. బయట చినుకులు. పనిచేయని ర్యామ్ ఇంకా చేతిలోనే ఉంది.

క్లాసులో కళ్లద్దాల మనిషి తలెత్తి చూశాడు. "సుధాకర్ కదా?"

"ఎట్లా తెలుసు?"

"వానలో ర్యామ్ చేత పట్టుకోని ఇంకెవరొస్తారబ్బా?" డేవిడ్ నవ్వాడు. మూలనున్న పాత మిషన్ విప్పి, రెండు వైపులా చిప్పులున్న ర్యామ్ తీసి చేతికిచ్చాడు. "ఇది పెట్టి చూడు."

"మీరే తీసుకపోవచ్చు కదా," అన్నాడు సుధాకర్.

డేవిడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోయిన నెల పద్మజను అడిగినా, నన్ను చేసుకుంటావా అని. నా మనసు వేరేతావ ఉండాది అనింది. ఎవరని నేను అడగలే." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "నీ మొగం చూసినాక ఇంగ అడిగే పనిలేదు. పో, బస్సు తప్పిపోతాది."

పొద్దున్నుంచీ తిట్టుకున్న మనిషి చేతిని సుధాకర్ రెండు చేతులతో పట్టుకుని వదిలాడు.

సాయంత్రానికి మళ్లీ ధర్మవరం చేరాడు. తలుపు తీసిన పద్మజ ముఖం తిప్పుకుని పక్కకు జరిగింది. అతను ర్యామ్ పెట్టి స్విచ్ వేశాడు. కూతలు లేవు. తెర మీద మెమొరీ లెక్క చూపే అంకెలు గబగబా పెరిగాయి. పెండ్లిచీర డిజైన్‌లోని నెమళ్లు ఒక్క నిమిషంలో విప్పారాయి.

"డేవిడ్ చెప్పిందే రైటు. నాకు కండ్లు కుట్టినాయి పద్మా."

"ఎందుకు కుట్టల్ల?"

"నువ్వంటే ఇష్టం కాబట్టి. ఏడాదిగా చెప్పలేక చస్తాండా."

"నేను డేవిడ్ పేరు పదిసార్లు ఎత్తితేగానీ నీ నోరు పెగలలేదు చూడు!" అంది పద్మజ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని ఇద్దరికీ అప్పుడు తట్టింది. హనుమంతు గడపలో నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, బాగయిందా?"

సుధాకర్ తలూపాడు.

"అయితే మళ్లా అది చెడేదాకా కాచుకోవద్దు. ఆదివారం మీ నాయనను పిలుచుకోని రా."