నమిలేగెడ్డలో ఎనభై తొమ్మిదో చెట్టు

పాతపట్నం దాటి ఒడిశా వైపు పోతుంటే, కొండల కింద ఒక ఎండు వాగు ఉంది. దాన్ని నమిలేగెడ్డ అంటారు. పొద్దు వాలాక అటు మేకల్ని కూడా తోలరు. ఎందుకంటే... చీకటి పడేసరికి అక్కడ ఏదో నములుతున్న చప్పుడొస్తుంది. కర్... కర్... ఎవరో నోరు మూసుకుని, తాపీగా, ఎముకలు నములుతున్నట్టు.

ఆ భయానికే ఇరవై ఏళ్లుగా అక్కడ ఎవరూ పుల్ల విరవలేదు. చెట్ల మధ్య చెట్లు, వాటి మధ్య మళ్లీ పిలకలు. మనిషి ఒంటిని పక్కకి తిప్పుకుని నడవాలి.

ధనలక్ష్మికి ఈ కథ ఇక్కడికొచ్చాకే చెవిన పడింది. ఆమెది భావనపాడు, సముద్రం మీద వేటకెళ్లే ఇల్లు. అటవీశాఖలో బీట్ ఆఫీసరుగా చేరి ఎనిమిది నెలలైంది. అలల హోరులో పెరిగిన మనిషికి అడవిలోని నిశ్శబ్దం ఇంకా పడలేదు. ఆ మాట ఎవరితోనూ అనేది కాదు.

ఆ ఏప్రిల్లో ఆమెకి చెట్లు లెక్కపెట్టే పని అప్పగించారు. అక్కడక్కడ పావెకరం ముక్క చుట్టూ తాడు కట్టాలి. లోపలున్న ప్రతి చెట్టుకీ రొమ్మెత్తున టేపు చుట్టి, చుట్టుకొలత సెంటీమీటర్లలో పుస్తకంలో రాసి, మానుకి సుద్దగీత పెట్టాలి. మరీ ఒత్తుగా ఉన్నచోట సన్నవాటిని తీసేస్తే మిగతావాటికి నీరూ వెలుతురూ అందుతాయి. మంట కూడా ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి అంత తేలిగ్గా పాకదు. కిందటేడు వేసవిలో ఈ కొండ మీద లేచిన మంట కిందున్న జీడితోటల దాకా వచ్చింది మరి.

తొమ్మిది ముక్కలు అయిపోయాయి. మిగిలింది నమిలేగెడ్డ ఒక్కటే.

సాయం వచ్చినవాడు గంగులు. యాభై దాటిన అడవి కాపలా వాచరు, ఆ కొండ కింది ఊరివాడే.

"రేపు పొద్దున్న సేసుకుందాం మేడమ్," అన్నాడు, కళ్లు ఎటో తిప్పుకుని.

"రేపు పదింటికల్లా ఆఫీసులో లెక్క ఇవ్వాల బాబాయ్. ఇయ్యకపోతే ఈ ముక్క ఈ యేడూ ఇలాగే ఉండిపోతాది. మళ్లీ మంటొస్తే ఏటి సేస్తాం?"

మంట మాట వినగానే గంగులు టేపు తీశాడు.

అతను కొలత పిలుస్తున్నాడు, ఆమె రాస్తోంది. "చిరుమాను... ఇరవై రెండు." "తుమికి... పద్దెనిమిది." ఆఫీసు లెక్కలో ఆ ముక్కకి ముప్పై చెట్లు చాలు. అరవై దాటాయి. డెబ్బై దాటాయి. సగం చెట్లకి తలలు ఎండిపోయి ఉన్నాయి. ఎనభై మూడో చెట్టు రాసేసరికి పొద్దు కొండ వెనక్కి జారింది.

అప్పుడు వినబడింది.

కర్... కర్...

ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

"ఇన్నారా?" గుసగుసలాడాడు గంగులు.

చప్పుడు ఎక్కడో దూరం నుంచి కాదు... ఆమె పక్కనున్న మానులోంచే. ధనలక్ష్మి ఫోన్ లైటు వేసింది. చెట్టు మొదట్లో శనగపిండిలా పచ్చటి పొడి రాలి ఉంది. కత్తితో బెరడు లేపింది. లోపల బొటనవేలంత తెల్లటి పురుగు మెదిలింది.

"పురుగు బాబాయ్! కర్రని తొలిసేస్తన్నాది!"

బిగబట్టిన ఊపిరి వదిలి నవ్వేసింది. ఇదా ఇన్నేళ్ల దెయ్యం! పక్క చెట్టుకి చెవి ఆనించింది. కర్... కర్... దాని పక్కదానికి. అక్కడా అదే. అయిదో చెట్టు దగ్గర నవ్వు ఆగిపోయింది. నీళ్లు చాలక నీరసించిన చెట్లలోనే ఈ పురుగు పడుతుందని ట్రైనింగులో చెప్పారు. పైకి నిలబడే ఉన్నాయి గానీ, అడవంతా లోపల్నుంచి పొడైపోతోంది.

చాలాసేపు అలా చెవి ఆనించే నిలబడింది. తర్వాత పుస్తకం మీద లైటు పెట్టి, తల వంచుకునే అంది — "కానీ బాబాయ్. ఎంత?"

"సోమిద... ఇరవై ఆరు."

రాసింది. గొంతు కాస్త లోతుగా ఉంది. అలిసిపోయాడనుకుంది.

"చిరుమాను... ముప్పై ఒకటి."

"రేల... పంతొమ్మిది."

గొంతు ఒక్కో చెట్టూ దాటుకుంటూ పల్లపు మూలకి పోతోంది. ఆమె రాస్తూనే ఉంది. ఎనభై ఏడు. ఎనభై ఎనిమిది. చివరికి మూలనుంచి —

"మద్ది... నూట పద్దెనిమిది."

ఒక్క పెద్ద చెట్టైనా ఉందని ప్రాణం లేచొచ్చింది. ఎనభై తొమ్మిది అని రాసింది. "ఇంకా ఉన్నాయా?"

తలెత్తింది.

వెనకాల... బండి ఆపిన దారి వైపు నుంచి ఎండుటాకులు విరుగుతున్న చప్పుడు. టార్చి వెలుగు. నీళ్ల సీసా పట్టుకుని గంగులు వస్తున్నాడు.

"బండి దాకా ఎల్లొచ్చాను మేడమ్. నీళ్లు తెస్తానని సెప్పాను గదా... సెట్టుకి సెవి పెట్టుకున్నారు, ఇనలేదేమో."

టేపు అతని భుజానే వేలాడుతోంది.

ధనలక్ష్మి మూలకేసి లైటు తిప్పింది. ఎవరూ లేరు. నేలంతా మడమ లోతు ఎండుటాకులు. అప్పుడు తట్టింది ఆమెకి... ఆ గొంతు ఆరు చెట్లు దాటింది. ఒక్క ఆకు కూడా చప్పుడు చెయ్యలేదు.

"ఎల్లిపోదాం," అంది. జరిగిందంతా ఊరి దీపాలు కనిపించాక చెప్పింది. గంగులు బండి ఆపేశాడు.

తెల్లారేసరికి ధనలక్ష్మి ఇంటి ముందు గంగులే నిలబడి ఉన్నాడు. ఇద్దరూ మళ్లీ వెళ్లారు. సుద్దగీత లేని చెట్లు వెతికి టేపు చుట్టారు. సోమిద, ఇరవై ఆరు. చిరుమాను, ముప్పై ఒకటి. రేల, పంతొమ్మిది. అయిదింటికి అయిదూ సరిపోయాయి.

పల్లపు మూలన మద్ది లేదు. నల్లగా కాలిన మోడు ఒకటుంది, మోకాలెత్తున, లోపల డొల్ల.

గంగులు దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఈడ మద్ది ఉండీది మేడమ్. మా అయ్య అసిరయ్య కూడా వాచరే. అప్పుడాఫీసర్లకి టేపు పట్టి కొలతలు పిలిసేవోడు. ఇరవై రెండేళ్ల కింద ఈ కొండంతా కాలినప్పుడు, మంట ఆర్పడానికొచ్చి ఈ సెట్టు కాడే పడిపోయాడు. ఒళ్లు కాలలేదు. పొగ. మూడు రోజులు దగ్గి దగ్గి... దగ్గుతూనే పోయాడు."

ధనలక్ష్మి పుస్తకం తెరిచి ఎనభై తొమ్మిది మీద గీత కొట్టేసింది. మొత్తం ఎనభై ఎనిమిది అని రాసింది.

"సన్నవన్నీ తీయించండి," అన్నాడు గంగులు. "నాను దగ్గరుండి కొట్టిస్తాను. మళ్లీ మంట రాకూడదు."

దారి పట్టారు. నాలుగడుగులేశాక అతను ఆగిపోయాడు.

"తల్లీ..." మొదటిసారి అలా పిలిచాడు. "రేత్రి ఆ గొంతు... మజ్జిలో ఎక్కడైనా దగ్గిందా?"

ఆమె ఆ ఆరు పిలుపులూ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది.

"లేదు బాబాయ్. ఒక్కసారి కూడా దగ్గలేదు."

గంగులు తలూపాడు. టేపు చుట్టబోయాడు... సగంలో ఆగి మోడు వైపు చూస్తుంటే, ఆమే అందుకుని చుట్టింది.