ఏ వార్డు కోడలు

ఆ పొద్దున వెనక వాటాలో ఇంకా పొయ్యి వెలగలేదు. ఆకలి ఎవరికి గుర్తుంది కనక? చిన్నకోడలు అద్దం ముందు జుట్టు ముడేసుకుంటోంది. మొగుడు గుమ్మానికీ మంచానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కాసేపట్లో ఎన్నికల అధికారి ఇంటికొస్తాడు. వచ్చి, ఈవిడ ఏ వార్డు మనిషో తేలుస్తాడు. ఈ వార్డు కాదని తేలిందా, వేసిన నామినేషన్ చెత్తబుట్టకే.

చిన్నకోడలు కారు నడపడం నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని ఆవిడ పెట్టే కేకలు వీధి చివరిదాకా వినిపిస్తాయి. అందుకని జనం బ్రేకమ్మ అని పేరు పెట్టేశారు. ఆ బ్రేకమ్మే ఇప్పుడు కౌన్సిలర్ మీద పోటీకి దిగింది. ఊరికే దిగలేదు. పిల్లలు ఆడుకునే మైదానానికి కంచె వేయించి, దాన్ని పార్కింగుకి ఇచ్చేశాడు ఆ మహానుభావుడు. ఇదేం న్యాయమని అడగబోతే, "నీకెందుకమ్మా ఇవన్నీ, వెళ్లి గేర్లు మార్చుకో" అన్నాడు. ఆ మాట ఆవిడకి నషాళానికి అంటింది.

ఇక ఇంటి సంగతి. ముందు వాటా గుమ్మం పెద్ద వీధిలోకి, వెనక వాటా గుమ్మం సందులోకి. పెద్ద వీధి ఒక వార్డు, సందు ఇంకో వార్డు. బ్రేకమ్మ నామినేషన్ వేసింది పెద్ద వీధి వార్డులో. ఇన్నేళ్లూ ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రెండు వాటాలకీ మధ్య తలుపుంది, అందరికీ కలిపి ముందు వాటాలో ఒకే వంటిల్లుంది. కోడలు పోటీ చేస్తోందని తెలిసిన రోజున అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది. "రాజకీయాలు చేసేవాళ్లకి నా వంటింట్లో చోటు లేదు" అని గిన్నెలన్నీ వెనక్కి పంపించి, మధ్య తలుపుకి బీరువా అడ్డం పెట్టించింది. అలా వెనక వేరు కుంపటి మొదలైంది.

పోటీ చేసే మనిషి ఆ వార్డులోనే కాపురం ఉండాలని నిబంధన. దాన్ని పట్టుకుని అభ్యంతరం పెట్టిన పెద్దమనిషి పరాయివాడేం కాదు, ఈ ఇంటి పెద్దకొడుకే! ఊరవతల వేరే ఇంట్లో ఉంటాడు, రోడ్ల పనులు చేయిస్తాడు. కౌన్సిలర్ చల్లగా ఉంటేనే అతనికి పనులు దొరుకుతాయి. అందుకని సొంత తమ్ముడి పెళ్లాన్ని సందులోకి తోసేస్తూ సంతకం పెట్టాడు.

"ఇప్పటికైనా మించిపోయింది లేదు. గిన్నెలు పట్టుకెళ్లి అమ్మ వంటింట్లో పెట్టేద్దాం. ఆయన కళ్లకి అంతా ఒకటే అన్నట్టు కనబడుతుంది" అన్నాడు మొగుడు.

"కనబడితే చాలా? ఉండక్కర్లేదా?"

"అబ్బబ్బా, నీతో ఇదే గొడవ! పోనీ అమ్మ కాళ్లు పట్టుకుంటే పోయేదేముంది?"

"తప్పు చేస్తే పట్టుకుంటానండీ. ఏం తప్పు చేశానని?" అని చెప్పులేసుకుని బయల్దేరింది. మొగుడూ వెనకే నడిచాడు. సొంత అత్తగారింటికి సందు చుట్టూ తిరిగి వెళ్లాల్సిన ఖర్మ!

ముందు గదిలో పెద్దకొడుకు అప్పటికే తిష్ట వేసి తల్లికి పాఠం చెబుతున్నాడు. "నువ్వేం మాట్లాడకమ్మా. ఆయన అడిగితే తల ఊపు చాలు."

"తల ఊపడానికి నేనెందుకురా? గోడ గడియారం లేదూ!" అంది తల్లి విసురుగా. అతను నవ్వేసి ఊరుకున్నాడు.

ఇంతలో అధికారి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ కూర్చుని కళ్లజోడు సర్దుకున్నాడు. "లోపల్నించి రాకపోకలుండి, వంట ఒకటే అయితే ఒకే ఇల్లు. లేకపోతే వెనక వాటా సందు వార్డు కిందికే వస్తుంది. మీరు ఎక్కడుంటారమ్మా?" అని చిన్నకోడల్ని అడిగాడు.

"వెనక వాటాలో."

"వంట?"

"వేరుగానే."

"లోపల్నించి దారి?"

"మూసేసి ఉంది. చుట్టూ తిరిగి వస్తున్నాం."

మొగుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పెద్దకొడుకు మొహం చాటంతయింది. "విన్నారుగా సార్! ఆవిడే ఒప్పుకుంది. రాసేసుకోండి."

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నాకేం భయం బావగారూ?" అని ఆవిడ అధికారి వైపు తిరిగింది. "ఇది కూడా రాసుకోండి సార్. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నించీ ఈ వీధి మంచికీ చెడుకీ ఉన్నాను. ఇక్కడ కారు నడిపేవాళ్లలో సగం మందికి స్టీరింగ్ పట్టించింది నేనే. నామినేషన్ కొట్టేస్తే కొట్టేయండి. వెళ్లి ఆ కంచె ముందు కూర్చుంటాను. కూర్చోవడానికి ఏ వార్డు అయితేనేం?"

"చూశారా సార్ ఆ నోరు? ఇంటి పరువు వీధిన పడేసింది!"

"పడేసింది నేనా? తమ్ముడి పెళ్లాం మీద ఫిర్యాదు రాసింది మీరు కాదూ?"

అధికారి చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "పెద్దమ్మా, ఇల్లు మీ పేరున ఉంది. మీరు చెప్పండి."

"మా అమ్మ కొత్తగా చెప్పేదేముంది సార్? నేను రాసిందే ఆవిడ మాట. అమ్మా, ఊఁ, తల ఊపు" అన్నాడు పెద్దకొడుకు.

అత్తగారు తల ఊపలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"ఒరేయ్, నా నాలుకని నువ్వేమైనా అద్దెకి తీసుకున్నావట్రా?" అంది. అధికారి వైపు తిరిగింది. "నువ్వు రాసుకో నాయనా. వేరుగా వండుకుంటున్న మాట నిజమే. కోడలి మీద కోపమొచ్చింది, గిన్నెలు గిరాటేశాను. అత్తాకోడళ్లన్నాక కోపాలు రావా? మా అత్తగారు నాతో ఏడాది పాటు మాట్లాడలేదు. అంతమాత్రాన నేను పక్క వార్డు మనిషినైపోయానా? నా కోపానికి వార్డు నంబరు వేసే అధికారం మీ ఆఫీసులో ఎవరికుంది?"

అధికారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "నిజమే పెద్దమ్మా. కానీ దారి మూసి ఉంటే మూసి ఉందనే రాయాలి. ఇవాళ నా కంటికి కనబడిందే లెక్క."

"అయితే కళ్లారా చూడు. చిన్నోడా, పట్టరా ఆ బీరువా!"

"అమ్మా!" పెద్దకొడుకు కేకేశాడు. "నా నోటికాడ కూడు తీసేస్తున్నావే!"

"నీ కూడు కోసం నా ఇల్లు నిలువునా చీల్చమంటావా? పెట్టేటప్పుడు ఎంత హుషారుగా తోశావురా! ఇప్పుడూ ఓ చెయ్యి వెయ్యి."

అతను వెయ్యలేదు. చిన్నవాడు, బ్రేకమ్మ కలిసి తోశారు. బీరువా గీరుకుంటూ జరిగింది, తలుపు తెరుచుకుంది. అత్తగారు ఆ తలుపులోంచి వెళ్లి, కోడలి గిన్నెలు చేతికందినన్ని ఎత్తుకొచ్చి తన వంటింట్లో ధనామని పెట్టింది. "వెనక ఇవాళ ఇంకా పొయ్యి ముట్టించలేదు, వెళ్లి చూసుకో నాయనా. వంట ఇక్కడే. రేపూ ఇక్కడే."

అధికారి రెండు వాటాలూ తిరిగి చూశాడు. అభ్యంతరం చెల్లదని రాసి సంతకం పెట్టి, చల్లటి నీళ్లు తాగి వెళ్లిపోయాడు. పెద్దకొడుకు తలొంచుకుని లేచాడు. "అన్నం తిని పోరా" అని తల్లి పిలిచింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి వెళ్లిపోయాడు. అతని కోపం తగ్గడానికి రోజులు పడుతుంది మరి.

"అత్తయ్యా..." అని చిన్నకోడలు ఇంకేదో అనబోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడవకు. నీకు ఓటేస్తానని ఎవరన్నారు?"

చిన్నవాడు నోరు వెళ్లబెట్టాడు.

"నిలబడే హక్కు నీది. దాన్ని నా కొడుకే కాజేసినా ఊరుకోను. ఓటు మాత్రం నాది" అంది అత్తగారు.

"రాజకీయాలంటే మీకంత గిట్టదా అత్తయ్యా?"

"రాజకీయాలా, నా మొహమా! నీ నామినేషన్‌ని బలపరిచే సంతకాల కోసం వార్డంతా తిరిగావు. ఎదురింటి ముసలాయన గుమ్మం కూడా ఎక్కావు. ఆయనొచ్చి 'మీ కోడలు భలే మనిషండీ' అంటుంటే తెల్లమొహం వేశాను. ఊరందర్నీ అడిగినదానివి, పక్క గదిలో ఉన్న నన్ను అడగడానికి నీకు కాళ్లు రాలేదా? ఎలాగూ కాదంటుందిలే అని నువ్వే తేల్చేసుకున్నావు. వాడికి నా తల ఊగితే చాలు. నీకు అది కూడా అక్కర్లేకపోయింది." "నాకూ సంతకం పెట్టడం వచ్చునే, పిచ్చిదానా!"

బ్రేకమ్మ పొద్దున మొగుడి మీద గయ్‌మని లేచింది, ఏం తప్పు చేశానని. ఇదిగో, చేసిన తప్పు ఎదురుగా నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. కోడలు గిరుక్కున తిరిగి వీధిలోకి నడిచింది. బయటి నుంచి తలుపు తట్టింది.

"నమస్కారమమ్మా. ఈ వార్డు నుంచి కౌన్సిలర్‌గా పోటీ చేస్తున్నాను. మీ ఓటు నాకు వేయమని అడగడానికొచ్చాను." చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "అందరికంటే ముందు మీ దగ్గరికే రావాల్సింది. తప్పయిపోయింది అత్తయ్యా."

అత్తగారు కుర్చీ చూపించింది. "వచ్చి కూర్చో. ఆ మైదానం సంగతి ఏం చేద్దామనుకుంటున్నావో చెప్పు. పూర్తిగా చెప్పు. నచ్చితే చూస్తాను."

చిన్నకోడలు చెప్పడం మొదలెట్టింది. అత్తగారు రెండు చోట్ల అడ్డు తగిలింది, ఒక చోట గట్టిగానే కసిరింది. చివరికి కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగింది:

"ఇంతకీ మన గుర్తేమిటే?"

మన! కోడలు ఏడుస్తూనే నవ్వింది. "ఇంకా ఇవ్వలేదత్తయ్యా."

"ఇవ్వకపోవడమేమిటి? పద, వెళ్లి అడుగుదాం!"