అడగడానికి నామోషీ

పాలు కాచి చల్లార్చాక చూసుకుంటే ఇంట్లో పెరుగు చుక్క లేదు. సుభాషిణి చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి బయలుదేరి, తమ వీధితలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"ఛీ, గరిటెడు పెరుగు కోసం ఒకరి గుమ్మం ఎక్కుతావా? ఏమనుకుంటారు?"

ఆ మాట అన్నది ఎవరో కాదు, ఆవిడ గొంతే. కాకినాడలో అందరికీ ఉన్నట్టే ఆవిడ చెవి వెనకా శనగబద్దంత అంతర్వాణి యంత్రం అతికి ఉంది. అది నాడి చూసి, మనసు ఎటు ఊగుతోందో పసిగట్టి, ఎవరి గొంతుతో వారికే మాట చెబుతుంది. సుభాషిణి వెనక్కి వచ్చేసింది. కాసేపటికి అంతర్వాణి కబురందుకుని కొట్టునుంచి ఎగురుబుట్ట ఒకటి వచ్చి కిటికీలో పెరుగు ప్యాకెట్టు దించి పోయింది.

"చూశావా, అడక్కుండానే వచ్చింది!" అన్నాడు ఆవిడ భర్త గవర్రాజు.

మురిసిపోడా మరి! అంతర్వాణికి ఆ విద్య నేర్పిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయనే. పూర్వం ప్రకటనలవాళ్ళు ఆశ చూపించి అమ్మేవారు. మనిషికి ఆశకన్నా నామోషీ బలమైందని గవర్రాజు కనిపెట్టాడు. దాంతో చేబదులు చింతపండు పోయింది, అరువు నిచ్చెన పోయింది, ఇంటికో నిచ్చెన అమ్ముడుపోయింది. తరవాత ఏలే పార్టీ ఆ విద్యను కొనుక్కుంది. కుళాయి ఎండిపోయినా వార్డు ఆఫీసుకి ఒక్కడూ వెళ్ళడు. "ముష్టివాడిలా చెయ్యి చాస్తావా?" అంటుంది తన గొంతే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగేవాడే లేడు కనక జనం సుఖంగా ఉన్నారని మంత్రులు సభల్లో చెప్పుకున్నారు, సిగ్గులేకుండా.

గవర్రాజు మాత్రం అంతర్వాణి పెట్టుకోలేదు. "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడేంటే?" అని నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం పెరుగన్నం తింటూ, గుండె పట్టుకుని, కుర్చీతో సహా పడిపోయాడు.

"రత్నమ్మగారిని... పిలు," అన్నాడు. పక్కవాటాలో ఉండే రత్నమ్మ గుండెజబ్బుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"వైద్యరథానికి కబురు వెళ్ళిందండీ, వచ్చేస్తుంది."

"ఈలోగా... పిలవ్వే!"

సుభాషిణి పరుగెత్తింది. గడియ మీద చెయ్యి పడింది.

"ఛీ, ఇంటిగుట్టు వీధిన పెడతావా? ఏమనుకుంటారు?"

పెరుగయినా ప్రాణమయినా దానికి ఒకటే. పక్కింటి తలుపు తడితే ఒక అమ్మకం పోతుంది, అంతవరకే దానికి తెలుసు. సుభాషిణి మాత్రం తన మనసే చెబుతోందనుకుంది, పాపం.

"ఎలా పిలవనండీ? ఏమని అడగనండీ?" అని అక్కడే నిలబడి భోరుమంది.

వైద్యరథం వచ్చేసరికి అంతా అయిపోయింది.

శవాన్ని హాల్లో పడుకోబెట్టాక రత్నమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కుర్చీ పడ్డ చప్పుడు విన్నానమ్మా," అంది తలెత్తకుండా. "నువ్వు ఏడుస్తుంటే గోడకి ఆనుకునే ఉన్నాను. పిలవని పేరంటంలా వచ్చి ఏమైందని అడగడానికి నామోషీ వేసింది."

సుభాషిణి చెవి వెనకది పీకి నేలకేసి కొట్టింది. ఏడ్చి ఏడ్చి గొంతు ఆర్చుకుపోయింది. రత్నమ్మని గుక్కెడు మంచినీళ్ళు అడుగుదామని నోరు తెరిచింది. ఇప్పుడు చెవి దగ్గర ఏమీ లేదు. అయినా మాట పెగల్లేదు.