మామగారి రైఫిల్లో మసి

"బావా! నేనొచ్చేదాకా అన్నాలకి కూర్చోకండి!"

వీధి మొగలోంచే కేక వినబడింది. పీట మీద చతికిలబడబోతున్న తుపాకుల మేస్త్రి సగంలో ఆగిపోయాడు. గొంతు బావమరిదిది. వేళకి ఊడిపడటంలో వాడికి వాడే సాటి అనుకోండి. ఈసారి మాత్రం చంకలో గోనెగుడ్డ చుట్టిన రైఫిలుంది.

అది మామగారిది. ఆయన గోదాము కాపలాదారు. ఆయన పోయాక ఆ కొలువూ, ఆ రైఫిలూ రెండూ కొడుక్కొచ్చాయి. కొలువైతే చేస్తున్నాడు గానీ, రైఫిల్ని గోడకి తగిలించాక మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు. తెల్లారితే తనిఖీ అట. గొట్టంలో మసి కనబడితే ఉద్యోగం ఊడుతుందట. ఎంత తాపీగా చెప్పాడో మహానుభావుడు!

ఆ కుటుంబంలో మామగారు పెట్టిపోయిన కట్టడి ఒకటుంది. బయటికి తీసిన తుపాకీ శుభ్రమయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. చివరిరోజు ఆయన కూడా అలాగే ఆకలితో ఇంటికొచ్చి, ముందు దాన్ని తుడవడానికి కూర్చుని, చేతిలో పేలికతోనే ఒరిగిపోయాడు. అందుకే కూతురి దగ్గరే ఉంటున్న అత్తగారు గిన్నెల మీద మూతలు పెట్టేసింది.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. చూడబోతే గొట్టాన్ని వెనక మూసే బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. కిరసనాయిలు పోశాడు. అది నానేదాకా కడుపు ఆగుతుందా? లోపల గుండు లేదని కడ్డీ దించి చూసుకుని, గుండు బయటికొచ్చే మూతి వైపు నుంచే తుడవడం మొదలెట్టాడు.

"నాన్న అలా తుడవనిచ్చేవాడు కాదండీ," అని గొణిగింది భార్య. మసిని వెనక నుంచి తోసి మూతిలోంచి బయటికి పంపాలట. ఎదురు తోస్తే ఇంట్లోకొస్తుందనేవాడట ఆయన.

"ఆకలేస్తే మీ నాన్న మాత్రం ఏం చేసేవాడు?" అని విసుక్కున్నాడు మేస్త్రి.

పేలిక నల్లగా వచ్చింది. ఇంకోటి పెట్టాడు. అదీ నలుపే. ఇత్తడి బ్రష్షుతో గీకాడు, నూనె పోశాడు, మళ్ళీ పేలిక. పాత చీర సగం చిరిగిపోయింది గానీ మసి మాత్రం తరగలేదు. ఏళ్ళనాటి మసి పెచ్చులుగా రాలాలి. ఇది మెత్తగా, తడిగా వస్తోంది. పైగా ఆ వాసన... ఇప్పుడే పేల్చినట్టు ముక్కు మండించే వాసన.

"దీన్ని ఎప్పుడు పేల్చావురా?"

"నేనా? నాకసలు గుళ్ళే ఇవ్వలేదు బావా."

గొట్టం మీద చెయ్యేశాడు. వెచ్చగా ఉంది.

రుద్ది రుద్ది వేడెక్కిందిలే అని సర్దిచెప్పుకుంటుంటే... టక్. ఎవరూ ముట్టుకోకుండానే బోల్టు వదులైంది.

దాన్ని ఊడదీసి, మూతిని బల్బు వైపు తిప్పి, వెనక కన్ను పెట్టాడు. ఎంత మసి ఉన్నా అటు చివర వెలుతురు చుక్క కనబడాలి కదా. కనబడలేదు. పేలిక ఇరుక్కుని చచ్చిందని తిట్టుకుంటూ వెనక నుంచి కడ్డీ తోశాడు. ఏ అడ్డూ లేకుండా అటువైపు బయటికొచ్చింది. కడ్డీ లాగి మళ్ళీ చూశాడు.

చీకటి.

ఆ చీకటి తడిగా మెరిసింది... రెప్ప వాల్చింది.

మేస్త్రి మెల్లగా తలెత్తి మూతి వైపు చూశాడు. ఎవరూ లేరు. బల్బూ, గోడా, అంతే.

మళ్ళీ కన్ను పెడితే గొట్టం నిండా వెలుతురు, అద్దంలా. ఈసారి పేలిక తోస్తే మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది.

"అయిందా?" అంది భార్య. తలూపాడు. చూసింది చెబుదామనుకుని మానేశాడు. చెబితే ఇక ఆ పూట ఎవరికీ ముద్ద దిగదు. రైఫిల్ని లోపల పెట్టి, సబ్బుతో చేతులు తోమి తోమి కడుక్కొచ్చాడు.

చివరికి అందరూ కూర్చున్నారు. ఉద్యోగం నిలబడిందన్న హుషారులో బావమరిది అప్పుడే కలిపేస్తున్నాడు. మనుషులు నలుగురు. కంచాలు ఐదు. అత్తగారు పొరపాటున పెట్టిందేమోనని మేస్త్రి ఆ ఐదోదాన్ని పక్కకి జరపబోయాడు. అంచు మీద నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. ఇంకా ఆరలేదు.

అత్తగారు గరిటె పట్టుకుని ఆ కంచం వైపు వంగింది.

"ఇంకొంచెం వెయ్యనా?" అంది మెత్తగా, వాళ్ళెవరి వైపూ చూడకుండా.

మేస్త్రి కంచంలోకి చూశాడు. అది అప్పటికే సగం ఖాళీ అయింది.