పెరుగు డబ్బాల దండయాత్ర

"గిన్నె చేజారితే?"

"జారదు."

"జారితే?"

"జారదంటే జారదు నానమ్మా! ఆ గరిటె ఇటియ్యి!"

మర్గిలాన్ పట్టణంలోని ఆ సందులో వసంతపు నవ్రోజ్ పండుగ పొద్దు బారెడెక్కింది. మొలకెత్తిన గోధుమల పాలను ఆడవాళ్లందరూ వంతులవారీగా రాత్రంతా కలియబెట్టగా, పెద్ద బాణలిలో ఎర్రని తియ్యని సుమలక్ తయారైంది. మూత తీస్తే ఇంకా పొగలు. కలపడానికి రాలేకపోయిన ముసలివారికీ, చంటిపిల్లల తల్లులకూ దానిని చేరవేయడమనే మహత్తర రాచకార్యం ఈ ఏడు పదేళ్ల మునీసాకు దక్కింది. నిరుటి వరకు ఆ పదవిని అలంకరించిన అక్క, పెళ్లి చేసుకొని రాజీనామా చేసింది.

"పింగాణీ గిన్నెల్లో పొయ్యి. ఒక్కోసారికి రెండే తీసుకెళ్లు. పరుగెత్తకు," అని నానమ్మ ఆజ్ఞాపించింది. రాత్రంతా నిద్రలేని మనిషి, కాసేపు నడుం వాల్చడానికి లోపలికి వెళ్లింది.

మునీసా కాళ్లు అప్పటికే నేలమీద నిలవడం లేదు. సందు చివర ఉయ్యాల కట్టారు. వరుసలో తమ పేరు పిలిచినప్పుడు లేనివాళ్లు మళ్లీ తోక దగ్గర నిలబడాలి. ఆ శాసనానికి మినహాయింపు లేదు.

"మునీసా! నీ ముందు నలుగురే ఉన్నారే! వస్తున్నావా, చస్తున్నావా?" గోడ అవతలి నుంచి స్నేహితురాలు సెవారా అరిచింది.

"వస్తున్నా!"

రెండేసి గిన్నెలంటే ఎన్నిసార్లు తిరగాలి! వెళ్లిన ప్రతిచోటా ఖాళీ గిన్నె కోసం గుమ్మంలో నిలబడాలి. ఈలోగా వాళ్లు "ఎంత పొడుగయ్యావే!" అనాలి. టీ తాగమనాలి. వద్దంటే బాధపడాలి. తన ఒక్కదాని పొడుగు కోసం పండుగంతా ఖర్చయిపోతుంది.

సరిగ్గా అప్పుడే ఆమె బుర్రలో మహా సేనానులకు మాత్రమే తట్టే వ్యూహమొకటి మెరిసింది.

వంటింటి గూటి కింద నానమ్మ భాండాగారం ఉంది. పెరుగు కప్పులు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, మయొనైజ్ బకెట్లు. లోపలి సరుకు అయిపోయిన ఏ ప్లాస్టిక్ డబ్బా కూడా ఆ ఇంట్లో పదవీ విరమణ చేయలేదు. కొన్నింటిలో గుమ్మడి గింజలు, కొన్నింటిలో గుండీలు కొలువుదీరాయి. మునీసా గింజలన్నీ ఒకచోట, గుండీలన్నీ ఒకచోట కుమ్మరించింది. అయినా ఒకటి తక్కువైంది. మూలనున్న డబ్బాలో బట్టల సబ్బు పొడి ఉంది. దానినీ ఖాళీ చేసి, పంపు కింద గలగలా కడిగేసింది. వాసన చూడలేదు. సేనానులు వాసనలు చూస్తూ కూర్చోరు.

పొగలు కక్కుతున్న సుమలక్ డబ్బాల్లో పడింది. మూతలు టపటపా బిగుసుకున్నాయి. అన్నీ ఒకే బేసిన్‌లోకెక్కి దండయాత్రకు బయలుదేరాయి.

"ఏమే, మీ ఇంట్లో గిన్నెలకు కరువొచ్చిందా?" అంది మొదటి గుమ్మంలోని హనీఫా పెద్దమ్మ, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"ఇది కొత్త పద్ధతి పెద్దమ్మా. డబ్బా తిరిగివ్వక్కర్లేదు."

"అబ్బో! మీ నానమ్మకు తెలుసా ఈ పద్ధతి?"

జవాబు చెప్పడానికి మునీసా అక్కడ ఉంటేగా!

బేసిన్ ఖాళీ అయింది. తనకోసం దాచుకున్న పెరుగు కప్పుతో ఆమె ఉయ్యాల దగ్గరికి చేరేసరికి, ముందు ఒక్క సెవారా మాత్రమే ఉంది. విజయగర్వంతో మూత తీసింది. మూత కింద పట్టిన చెమట బొట్లుబొట్లుగా సుమలక్‌లోకి కారింది. కప్పు పట్టుకున్న చోటల్లా మెత్తగా లోపలికి దిగింది. అడుగు ఉబ్బి పక్కకు ఒరిగింది.

వేలితో కొంచెం నాకింది. వెంటనే ఉమ్మేసింది.

"ఏమైంది?" అంది సెవారా.

"ఎండలో పెట్టిన రబ్బరు బొమ్మ రుచి."

"రబ్బరు బొమ్మను ఎప్పుడు తిన్నావే?"

మునీసా నవ్వలేదు. పెరుగు కప్పే ఇలా ఉంటే, ఆ సబ్బు పొడి డబ్బా? అది ఎవరింటికి వెళ్లింది? మూతలన్నీ తెల్లవే. దిల్‌ఫూజా అక్క వాళ్ల అసద్‌కు ఏడాది నిండింది. వాడికి ఇవాళే మొట్టమొదటి సుమలక్ అని వాళ్లమ్మ గుమ్మంలోనే మురిసిపోయింది.

"మునీసా! నీ వంతే!" ఉయ్యాల దగ్గర ఎవరో పిలిచారు.

ఆమె అప్పటికే పరుగెత్తుతోంది.

దిల్‌ఫూజా ఇంటి తలుపు తోసుకొని వెళ్లేసరికి, అసద్ తల్లి ఒడిలో నోరు తెరుచుకొని ఉన్నాడు. చెంచా వాడి ముక్కు ముందుంది.

"ఆగు అక్కా! పెట్టకు!"

దిల్‌ఫూజా ఉలిక్కిపడింది. అసద్ నోరు మూయకుండానే ఏడుపు లంకించుకున్నాడు.

"తిన్నాడా? చెప్పక్కా, తిన్నాడా?"

"ఇంకా లేదు. వేడిగా ఉందని ఊదుతున్నా. ఏమైందే?"

మునీసా డబ్బా లాక్కొని ముక్కు దగ్గర పెట్టుకుంది. తియ్యని గోధుమ వాసన. దాని వెనకే, ఉతికి ఆరేసిన దుప్పటి వాసన.

"ఇందులో సబ్బు పొడి ఉండేది," అంది. "నేను... తొందరలో సరిగ్గా కడగలేదు."

దిల్‌ఫూజా చెంచా కింద పెట్టింది. కొడుకును గట్టిగా పొదువుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని మునీసాకు అనిపించింది.

పంచిన కానుకను తిరిగి తీసుకోవడం ఆ సందు చరిత్రలో అదే మొదటిసారి. ప్రతి గుమ్మంలోనూ మునీసా అదే మాట చెప్పాల్సి వచ్చింది.

"పొద్దున పద్ధతి మధ్యాహ్నానికే పాతబడిందా?" అంది హనీఫా పెద్దమ్మ. మునీసా ముఖం చూసి స్వరం తగ్గించింది. "ఇదిగో, తీసుకెళ్లు. నేనూ ముట్టలేదులే. మూత తీస్తే చెప్పుల కొట్టు వాసన వచ్చింది."

ఇంటికి వచ్చేసరికి బాణలి పక్కన నానమ్మ నిలబడి ఉంది. ఒంగిపోయిన కప్పులను ఒక్కొక్కటిగా చూసింది.

"ఇవి చల్లటి పెరుగుకు చేసినవే. గింజలు దాచుకుందామని ఉంచాను. పొగలు కక్కేది పోస్తే ఇవి తట్టుకుంటాయా?"

"నానమ్మా, బాణలిలో ఇంకా ఉందా?"

"అడుగున కాస్త. మన ఇంటిది. సాయంత్రం మీ అక్క వస్తుంది కదా."

మునీసా బల్ల మీది పింగాణీ గిన్నెలు దించింది.

"అక్కకు నేను చెప్పుకుంటాను."

నానమ్మ గరిటె ఆమె చేతిలో పెట్టింది. గిన్నె అడుగు కప్పేంత వచ్చింది, అంతే. రెండేసి గిన్నెలు. ఎదురుగా వస్తున్న సైకిళ్లకు దారి వదులుతూ, ఒక్కో అడుగే వేస్తూ నడిచింది. టీ తాగమన్నచోట కూర్చొని తాగింది.

చివరి గిన్నె దిల్‌ఫూజా ఇంటిది. అసద్ ఏడుపు మరిచిపోయి మళ్లీ నోరు తెరిచాడు. దిల్‌ఫూజా మాత్రం చెంచా ముట్టుకోలేదు. మునీసా వైపు చూస్తూ కూర్చుంది.

మునీసా చెంచా తీసుకుంది. అంచున కాస్త సుమలక్ తీసి, ముందు వాసన చూసింది. తర్వాత తన నోట్లో పెట్టుకుంది. చప్పరించింది. గోధుమ తీపి తప్ప ఇంకేమీ లేదు. అయినా మింగి, ఇంకాస్త ఆగింది.

అప్పుడు వేరే చెంచా అడిగి తీసుకొని, దిల్‌ఫూజాకు అందించింది.

"ఇప్పుడు పెట్టు అక్కా."